రేడియేషన్ చికిత్సను గమనించే తెర ఎలా ఉండాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

క్యాన్సర్‌కు రేడియేషన్ ఇవ్వడాన్ని మన ఊళ్ళలో చాలామంది ఇప్పటికీ "కరెంటు పెట్టడం" అనే అంటారు. ఆ కరెంటు పెట్టే గదికి బయట ఇంకో చిన్న గది ఉంటుంది. అందులో నాలుగైదు మానిటర్లు, ఒక ప్రత్యేకమైన కీబోర్డు, ఒక మైకు. దాన్నే కన్సోల్ అంటాం. నేను ఫిజిసిస్టుగా, అంటే మెషిన్ ఇచ్చే రేడియేషన్ లెక్కలు, కొలతలు చూసే మనిషిగా, చాలా ఏళ్ళు ఆ కన్సోల్ పక్కనే గడిపాను. ఆ తెరలకు సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళు, మెషిన్ నడపడానికి కొత్తగా చేరిన టెక్నాలజిస్టులు, రోగుల బంధువులు తరచుగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

రోగి లోపల ఉన్నప్పుడు బయటివాళ్ళు అసలు ఏం చూస్తుంటారు?

బీమ్, అంటే రేడియేషన్ ధార, వస్తున్నంతసేపూ గదిలో రోగి తప్ప ఎవరూ ఉండకూడదు. తలుపు తెరుచుకుంటే బీమ్ దానంతట అదే ఆగిపోతుంది. కాబట్టి టెక్నాలజిస్టుకు రోగి గురించి తెలిసేదంతా కెమెరా, మైకు, తెర మీది అంకెల ద్వారానే. ఏ రోగి, ఏ ఫీల్డు (ఒక దిక్కు నుంచి ఇచ్చే ఒక్కో విడత బీమ్), ఏ ఎనర్జీ (బీమ్ శక్తి), గ్యాంట్రీ (రోగి చుట్టూ తిరిగే మెషిన్ భాగం) ఏ కోణంలో ఉంది, టేబుల్ ఎక్కడుంది, ఎన్ని ఎంయూలు ఇవ్వాలి, ఎన్ని వెళ్ళాయి. ఎంయూ అంటే లినాక్ (విద్యుత్తుతో రేడియేషన్‌ను పుట్టించే మెషిన్) నుంచి వచ్చే రేడియేషన్‌ను లెక్కపెట్టే కొలత. కోబాల్ట్ అనే రేడియోధార్మిక పదార్థంతో నడిచే మెషిన్ అయితే ఎంయూ బదులు నిమిషాలు, సెకన్లు కనిపిస్తాయి.

ఒక సిట్టింగ్ మొత్తం పది పదిహేను నిమిషాలు. బీమ్ మాత్రం ఒక్కోసారి అర నిమిషం కూడా ఉండదు. తప్పు జరిగితే పట్టుకోవడానికి ఉన్న సమయం అంతే. పోయిన రేడియేషన్‌ను వెనక్కి తీసుకోలేం. మిగతా సాఫ్ట్‌వేర్ అలవాట్లు ఇక్కడ పనికిరావు అని నేను పదేపదే చెప్పేది ఇందుకే.

తెర సరిగ్గా లేనందువల్ల ప్రాణాలు పోయిన సంఘటనలు నిజంగా ఉన్నాయా?

ఉన్నాయి. అందరూ చదవాల్సింది థెరాక్-25 కథ. కెనడా ప్రభుత్వ సంస్థ ఏఈసీఎల్ తయారుచేసిన లినాక్ అది. మొత్తం 11 మెషిన్లు పెట్టారు: అమెరికాలో 5, కెనడాలో 6. 1985 జూన్ నుంచి 1987 జనవరి మధ్య ఆరుగురు రోగులకు వాటి నుంచి విపరీతమైన డోసు తగిలింది. కొందరు చనిపోయారు.

1986 మార్చి 21న టెక్సాస్‌లోని టైలర్ పట్టణంలో జరిగింది చూడండి. ఆపరేటర్‌కు బాగా అనుభవం ఉంది, టైపింగ్‌లో చేయి తిరిగిన మనిషి. ఎలక్ట్రాన్ చికిత్సకు "ఇ" కొట్టాల్సింది, అలవాటుగా ఎక్స్-రేకు వాడే "ఎక్స్" కొట్టారు. వెంటనే గమనించి, పైకి వెళ్ళే బాణం మీట నొక్కి దిద్దారు. తెర మీద అన్నీ సరిగ్గా కనిపించాయి. కానీ లోపల అయస్కాంతాలు సర్దుకోవడానికి సుమారు 8 సెకన్లు పడుతుంది. ఆ 8 సెకన్ల లోపు చేసిన దిద్దుబాటును ప్రోగ్రామ్ పూర్తిగా పట్టించుకోలేదు. తెర ఒకటి చెబుతోంది, మెషిన్ ఇంకోలా ఉంది.

బీమ్ వదలగానే తెర మీద "మాల్‌ఫంక్షన్ 54" అని వచ్చింది. దాని అర్థం ఆపరేటర్ చేతిలో ఉన్న మాన్యువల్‌లో లేదు. ఇవ్వాల్సింది 202 ఎంయూ అయితే వెళ్ళింది 6 మాత్రమే అని తెర చూపించింది. అసలు సంగతి ఏమిటంటే, డోసు ఎంత ఎక్కువగా ఉందంటే కొలిచే ఛాంబర్లే దాన్ని లెక్కించలేకపోయాయి. అది చూసి ఆపరేటర్ ఏమనుకుంటారు? డోసు ఇంకా పడలేదనే. కొనసాగించడానికి "పి" నొక్కారు. లోపల రోగికి అప్పటికే కరెంటు షాక్ కొట్టినట్టు అనిపించి లేవబోతున్నారు. రెండోసారి కూడా తగిలింది. ఆ రోజు వీడియో మానిటర్ ప్లగ్ పెట్టి లేదు, మైకు పాడై ఉంది. ఆయన తలుపు బాదేదాకా బయటివాళ్ళకు ఏమీ తెలియలేదు. ఐదు నెలలకు ఆయన చనిపోయారు. మొదటి ప్రమాదం జరిగిన మూడు వారాలకే, ఏప్రిల్ 11న, అక్కడే, అదే ఆపరేటర్ చేతిలో, అదే మెసేజ్‌తో ఇంకో రోగికి కూడా ఇలాగే జరిగింది.

అది ఆపరేటర్ తొందరపాటు కాదా?

ఈ ప్రశ్న వినగానే నాకు కోపం వస్తుంది, దాచుకోను. ఆ మెషిన్ మీద కొన్ని రోజుల్లో 40 దాకా ఇలాంటి మెసేజ్‌లు వచ్చేవి. చాలావాటికి "పి" నొక్కితే పని జరిగిపోయేది. వరసగా ఐదుసార్లు అలా దాటవేయడానికి మెషినే అనుమతించింది. అంతకు ముందు 1985 జులైలో కెనడాలోని హామిల్టన్‌లో "డోసు వెళ్ళలేదు" అని తెర చెబితే అక్కడి ఆపరేటర్ మళ్ళీ మళ్ళీ "పి" నొక్కారు. ప్రతిసారీ రోగికి డోసు వెళ్ళింది. తెర చెప్పిన మాటను నమ్మడం తప్పు ఎలా అవుతుంది?

టైలర్‌లో రెండో ప్రమాదం తర్వాత అక్కడి ఆసుపత్రి ఫిజిసిస్టు, ఆ ఆపరేటర్ కలిసి కూర్చుని, ఎంత వేగంగా దిద్దితే ఆ మెసేజ్ వస్తుందో పట్టుకునేదాకా మళ్ళీ మళ్ళీ టైప్ చేశారు. లోపం ఎక్కడుందో బయటపెట్టింది వాళ్ళే. కంపెనీ ఇచ్చిన మొదటి తాత్కాలిక సలహా ఏమిటో తెలుసా? ఆ బాణం మీటను కీబోర్డు నుంచి పీకేసి, కింద ఎలక్ట్రికల్ టేపు అంటించమని. ఆ సలహా సరిపోదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1986 మే 2న మెషిన్‌ను లోపభూయిష్టంగా ప్రకటించింది. ఇంకో ముఖ్యమైన సంగతి: అంతకు ముందు మోడల్ థెరాక్-20లో ఇలాంటి తప్పును విడిగా ఆపే హార్డ్‌వేర్ ఇంటర్‌లాక్‌లు ఉండేవి. 25లో వాటిని తీసేసి ఆ పని సాఫ్ట్‌వేర్‌కు అప్పగించారు.

అవి పాత మెషిన్లు. ఇప్పుడు అలాంటివి జరగవు కదా?

అదే లోపం మళ్ళీ రాకపోవచ్చు. దాని అన్నదమ్ములు మాత్రం వస్తూనే ఉన్నారు.

1990 డిసెంబరులో స్పెయిన్‌లోని జరగోజాలో ఒక లినాక్‌ను రిపేరు చేశాక, ఏ ఎనర్జీ ఎంచుకున్నా కన్సోల్ మీద ఎనర్జీని చూపించే ముల్లు మాత్రం 36 దగ్గరే నిలబడింది. ముల్లు ఇరుక్కుపోయిందనుకున్నారు. నిజానికి ఆ ముల్లు ఒక్కటే నిజం చెబుతోంది. పది రోజుల్లో 27 మందికి చికిత్స జరిగింది, వాళ్ళలో చాలామంది చనిపోయారు. ఒకే విషయాన్ని రెండు చోట్ల రెండు రకాలుగా చూపించి, ఏది నమ్మాలో మనిషికే వదిలేస్తే జరిగేది ఇదే. ఎంచుకున్న ఎనర్జీకీ, కొలిచిన ఎనర్జీకీ తేడా ఉంటే మెషినే బీమ్ ఇవ్వనని మొరాయించాలి.

2000-2001లో పనామాలో ఇంకోలా జరిగింది. రేడియేషన్‌ను అడ్డుకునే బ్లాకుల వివరాలను, చికిత్సను ముందుగా లెక్కకట్టే ప్లానింగ్ కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు, సాఫ్ట్‌వేర్ ఊహించని పద్ధతిలో ఎక్కించారు. అది ఏ అభ్యంతరమూ చెప్పకుండా తీసుకుని చికిత్స సమయాన్ని దాదాపు రెట్టింపు చేసి చూపింది. 28 మంది రోగులు దాని బారిన పడ్డారు. 2005లో న్యూయార్క్‌లో, ప్లాన్ సేవ్ చేస్తుండగా కంప్యూటర్ క్రాష్ అయి, బీమ్ ఆకారాన్ని మలిచే కొలిమేటర్ లీఫ్‌ల (సన్నని లోహపు రేకుల) సూచనలు పోయాయి. మూడు సిట్టింగుల పాటు బీమ్ పూర్తిగా తెరిచిన కొలిమేటర్ గుండా వెళ్ళింది. అందుకే ప్లాన్‌లో ఉండాల్సిన ఆకారం, ఇప్పుడు లీఫ్‌లు నిలిచిన ఆకారం ఒకదాని మీద ఒకటి పెట్టి తెర మీద పెద్దగా చూపించమని అడుగుతాను. అరవై జతల అంకెల పట్టిక ఇస్తే ఎవరూ చదవరు. బొమ్మ అయితే గది అవతల నుంచి చూసినా తేడా తెలుస్తుంది.

మెసేజ్ ఎలా రాస్తే మంచిది?

మెసేజ్ చదివిన మనిషికి నాలుగు విషయాలు తెలియాలి: బీమ్ ఆగిందా లేదా, ఏం జరిగింది, ఇప్పటిదాకా రోగికి ఎంత వెళ్ళింది, ఇప్పుడు నేనేం చేయాలి. "మాల్‌ఫంక్షన్ 54" బదులు ఇలా ఉండి ఉంటే ఎలా ఉండేదో ఆలోచించండి:

"బీమ్ ఆగింది. మీటర్ 6 ఎంయూ చూపిస్తోంది, కానీ ఈ కొలతను నమ్మకండి. రోగికి ఎక్కువ డోసు తగిలి ఉండవచ్చు. వెంటనే రోగిని చూడండి. ఫిజిసిస్టును పిలవండి. ఇక్కడి నుంచి కొనసాగించడం కుదరదు."

ఇందులో అన్నిటికన్నా విలువైన మాట "ఈ కొలతను నమ్మకండి". తనకు తెలియనిది తెలియదని చెప్పే తెరలు చాలా తక్కువ. సెన్సర్ పనిచేయనప్పుడు సున్నా చూపించడం ఎంత ప్రమాదమో హామిల్టన్ చెబుతోంది. సున్నా వేరు, కొలత లేకపోవడం వేరు. రెండోదానికి అంకె చూపించకుండా "కొలత లేదు" అని రాయండి. కోడ్ నంబరు కూడా ఉండొచ్చు, సర్వీసు ఇంజినీరుకు అది కావాలి. అది చిన్న అక్షరాల్లో కింద ఉంటే చాలు.

"మీరు ఖచ్చితంగా కొనసాగించాలనుకుంటున్నారా?" అని అడిగే బాక్సు పెడితే సరిపోదా?

సరిపోదు. రోజుకు అరవై డెబ్బై మంది రోగులున్న మెషిన్ మీద ఆ బాక్సు వందల సార్లు వస్తుంది. వారం తిరిగేసరికి కన్ను చదవడం మానేస్తుంది, వేలు నొక్కేస్తుంది. ఇది మనుషుల నిర్లక్ష్యం అనుకోవద్దు. అవసరం లేనిదాన్ని వదిలేయడం మెదడు పనిచేసే తీరు.

టేబుల్ పొజిషన్ హద్దు దాటినా ఫర్వాలేదని మెషిన్‌కు చెప్పి ముందుకెళ్ళడం, అంటే ఓవర్‌రైడ్, దీనికి మంచి ఉదాహరణ. హద్దులు మరీ బిగుతుగా పెడితే ప్రతి రోగికీ ఓవర్‌రైడ్ చేయాల్సి వస్తుంది. అలవాటైపోయాక, రోగి నిజంగానే తప్పు చోట ఉన్న రోజు కూడా అదే వేలు అదే మీటను నొక్కుతుంది. నేను పనిచేసిన ఒక చోట ఓవర్‌రైడ్‌ల లిస్టు తీసి చూస్తే, ఎక్కువ భాగం ఒకే రకం రోగులకు, ఒకే దిశలో వచ్చాయి. హద్దును శరీర భాగాన్ని బట్టి మార్చాం. ఓవర్‌రైడ్‌లు బాగా తగ్గాయి, మిగిలినవాటిని అందరూ నిజంగా చదవడం మొదలుపెట్టారు.

కొనసాగించడానికి అనుమతించాల్సివస్తే ఎంత తేడా ఉందో చూపించండి: "టేబుల్ 4 సెం.మీ. ఎడమకు ఉంది". కారణాన్ని మనిషి చేత రాయించండి. పెద్ద తేడా అయితే రెండో మనిషి లాగిన్ అడగండి. ప్రాణాపాయం ఉన్నచోట కొనసాగించే బటనే ఉండకూడదు.

ముందు హెచ్చరించి తర్వాత ఆపాలా, ముందు ఆపి తర్వాత చెప్పాలా?

లెక్క వేసి చూడండి. మామూలు లినాక్ నిమిషానికి 600 ఎంయూ ఇస్తుంది, అంటే సెకనుకు 10. ఫ్లాటెనింగ్ ఫిల్టర్ (బీమ్‌ను అంతటా సమం చేసే భాగం) లేని బీమ్ అయితే నిమిషానికి 1400, కొన్నిటిలో ఇంకా ఎక్కువ కూడా వెళుతుంది. 1400 అంటేనే సెకనుకు 23 పైనే. హెచ్చరిక చదివి, అర్థం చేసుకుని, మీట నొక్కడానికి మనిషికి 5 సెకన్లు పట్టిందనుకుంటే ఆలోపు దాదాపు 117 ఎంయూ వెళ్ళిపోతుంది. డోసు, ఎనర్జీ, బీమ్ ఆకారం విషయంలో మెషినే ముందు ఆపాలి. మనిషి నిర్ణయం తీసుకోవాల్సింది ఆగిన తర్వాత. రోగి దగ్గాడు, కదిలాడు, చెయ్యి ఊపాడు వంటివి మాత్రం మనిషి కన్నే పట్టుకుంటుంది. అందుకు బీమ్ ఆపే మీట చూడకుండానే చేతికి తగిలేలా ఉండాలి. టచ్ స్క్రీన్ మీద బొమ్మగా ఉంటే కుదరదు.

రంగులు, శబ్దాల సంగతి?

వైద్య పరికరాల అలారంలకు ఐఈసీ 60601-1-8 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. తక్షణం స్పందించాల్సినదానికి వేగంగా మెరిసే ఎరుపు, దాని తర్వాతదానికి నెమ్మదిగా మెరిసే పసుపు. దాన్ని పాటించండి, సొంత కవిత్వం వద్దు. ఒక చిక్కు ఉంది. చికిత్స గది తలుపు మీద బీమ్ ఉన్నప్పుడు ఎర్ర లైటు వెలుగుతుంది, అది మామూలు స్థితి. తెర మీద కూడా బీమ్ ఉందనడానికి ఎరుపే వాడితే, అలారం ఎరుపు అందులో కలిసిపోతుంది. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని మగవాళ్ళు కూడా కొందరుంటారు కాబట్టి రంగుతో పాటు మాట, ఆకారం కూడా మారాలి.

ఒకే పేరున్న రోగులు ఉంటే?

మన దగ్గర ఇది రోజూ ఉండే సమస్య. ఒకే ఉదయం ముగ్గురు లక్ష్మమ్మలు, ఇద్దరు వెంకటేశ్వర్లు వస్తారు. ఇంటిపేరు కొన్నిసార్లు ఒక్క అక్షరంగానే కంప్యూటర్‌లో ఉంటుంది. మైకులో "లక్ష్మమ్మగారూ, రండి" అంటే, చెవులు సరిగా వినపడని ఇంకో పెద్దావిడ లేచి వస్తుంది. "మీరు లక్ష్మమ్మే కదమ్మా?" అంటే అవునంటుంది, అబద్ధం కాదు కదా. అందుకే పేరు మనం చెప్పి అవుననిపించుకోకూడదు. "అమ్మా, మీ పూర్తి పేరు చెప్పండి, ఏ ఊరు, ఎక్కడ కరెంటు పెడుతున్నారు?" అని వాళ్ళ చేతే చెప్పించాలి. తెర చేయాల్సింది: రోగి ఫోటో పెద్దగా చూపించడం, ఆ రోజు లిస్టులో అదే పేరు ఇంకొకరికి ఉంటే ముందే చెప్పడం, ఒకసారికి ఒక్క రోగి వివరాలే తెరిచి ఉంచడం. ఫోటో పాస్‌పోర్టు సైజు పాతది కాకుండా చికిత్స మొదలుపెట్టిన రోజు తీసినదై ఉండాలి. కీమో వల్ల జుట్టు పోతే మనిషి పోలికే మారిపోతుంది.

అంకెలు చూపించడంలో జాగ్రత్తలు?

రోగికి అందిన డోసును గ్రేలలో కొలుస్తాం. 2 గ్రే అంటే 200 సెంటీగ్రే. ఒక తెరలో గ్రే, ఇంకో తెరలో సెంటీగ్రే ఉంటే ఎప్పుడో ఒకరోజు వంద రెట్ల తప్పు వస్తుంది. విభాగం మొత్తం ఒకే యూనిట్. అంకె పక్కనే యూనిట్ రాయాలి, పట్టిక తలమీద ఒక్కచోట రాస్తే చాలదు. "5.0" అని రాస్తే చుక్క కనిపించక 50గా చదవొచ్చు, "5" అని రాయండి. సున్నా ముందు వదిలేసి ".5" అని ఎప్పుడూ రాయొద్దు.

2006లో గ్లాస్గోలో ఒక 15 ఏళ్ళ అమ్మాయికి 19 సిట్టింగుల్లో ఇవ్వాల్సినదానికన్నా 58 శాతం ఎక్కువ డోసు వెళ్ళింది. కంప్యూటర్ విధానం మారింది. పాత పద్ధతిలో లెక్కకట్టే ఫారానికి కొత్త పద్ధతిలో వచ్చిన అంకె ఎక్కింది. అంకె తప్పు కాదు, అది దేనికి సంబంధించిన అంకె అనేది తెర మీద గానీ ఫారం మీద గానీ స్పష్టంగా లేదు.

రికార్డ్ అండ్ వెరిఫై సిస్టమ్ ఉంది కదా, ఇంకా భయం ఎందుకు?

ప్లాన్‌లో ఉన్నదీ, మెషిన్ సెట్టింగూ ఒకటేనా అని అది చూస్తుంది. ప్లానే తప్పయితే ఆ తప్పును ముప్పై సిట్టింగులూ నమ్మకంగా పాటిస్తుంది. "అన్నీ సరిపోయాయి" అని ఆకుపచ్చ టిక్కు కనిపిస్తుంటే మనిషి ప్రశ్నించడం మానేస్తాడు. ఆ టిక్కు పక్కన దేన్ని దేంతో పోల్చామో రాయమంటాను.

తెర తెలుగులో ఉండాలా?

ఫ్రాన్స్‌లోని ఎపినాల్‌లో 2004-2005లో ప్రోస్టేట్ క్యాన్సర్ రోగులు 20 మందికి పైగా అధిక డోసుకు గురయ్యారు. ప్లానింగ్ సాఫ్ట్‌వేర్ ఇంగ్లిష్‌లో ఉంది, ఫ్రెంచిలో మాన్యువల్ లేదు. ఒక రకం వెడ్జ్‌కు (బీమ్‌ను ఒకవైపు తగ్గించే ఏర్పాటుకు) బదులు ఇంకో రకానికి లెక్కవేశారు. భాష చిన్న విషయం కాదు.

మన టెక్నాలజిస్టులు చదువుకునేది ఇంగ్లిష్‌లోనే కాబట్టి ఫీల్డు, గ్యాంట్రీ వంటి మాటలను బలవంతంగా అనువదిస్తే గందరగోళమే. కానీ ప్రమాదం వచ్చినప్పుడు ఏం చేయాలో చెప్పే నాలుగు వాక్యాలు తెలుగులో కూడా ఉంటే మంచిది. రోగితో మాట్లాడే భాగం మాత్రం తప్పకుండా తెలుగులో ఉండాలి. ఎడమ రొమ్ము క్యాన్సర్‌కు గుండెను కాపాడటానికి ఊపిరి బిగబట్టిస్తాం. "గట్టిగా ఊపిరి పీల్చండమ్మా, అలాగే ఆపండి, ఇక వదిలేయండి" అని వాళ్ళ యాసలో వినిపిస్తే ఊపిరి స్థిరంగా నిలుస్తుంది. ఇంగ్లిష్ రికార్డింగ్ వినిపిస్తే టెన్షన్‌తో సగంలోనే వదిలేస్తారు.

కొత్త తెరను ఎలా పరీక్షించాలి?

దాన్ని వాడబోయే టెక్నాలజిస్టులతోనే, వాళ్ళ కన్సోల్ గదిలోనే. ఫోన్ మోగుతుండగా, తర్వాతి రోగి బంధువు తలుపు దగ్గర నిలబడి అడుగుతుండగా. రోగి బదులు ఫాంటమ్ (శరీరానికి బదులుగా వాడే నమూనా) పెట్టి, కావాలని తప్పులు దాచండి: ఇంకో రోగి ప్లాన్, డాక్టరు నిన్న మార్చిన ప్రిస్క్రిప్షన్, సగంలో ఆగిన ఫీల్డు. ఎంతమంది పట్టుకున్నారో, ఎన్ని సెకన్లకు పట్టుకున్నారో రాసుకోండి. పట్టుకోనివాళ్ళను మందలించకండి, తెరను మార్చండి. "బాగుందా?" అని అడగడం వృథా, అందరూ బాగుందనే అంటారు. వైద్య పరికరాల వాడకం తేలికగా, క్షేమంగా ఉండేలా డిజైన్ చేయడానికి ఐఈసీ 62366 ప్రమాణం ఉంది, అది చదివి మొదలుపెట్టండి.

మన దేశంలో దీన్ని ఎవరు చూసుకుంటారు?

రేడియేషన్ భద్రతకు అణుశక్తి నియంత్రణ మండలి, అంటే ఏఈఆర్‌బీ. దాని అనుమతి లేకుండా మెషిన్ నడపకూడదు. ప్రతి రేడియోథెరపీ విభాగానికీ అర్హత ఉన్న రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్ ఉండాలి. జరిగిన తప్పులనూ, త్రుటిలో తప్పినవాటినీ పేర్లు లేకుండా పంచుకోవడానికి అంతర్జాతీయ అణుశక్తి సంస్థ నడిపే సాఫ్రాన్ అనే వ్యవస్థ ఉంది. అందులో చేరడం స్వచ్ఛందం. చేరమని నేను అందరినీ బతిమాలుతుంటాను.

రోగి బంధువులుగా మేం ఏం అడగొచ్చు?

"లోపల మా నాన్న చెయ్యి ఊపితే మీకు కనిపిస్తుందా? పిలిస్తే వినిపిస్తుందా?" అని మొదటి రోజే అడగండి. ఏమీ అనుకోరు. మంచి టెక్నాలజిస్టు మిమ్మల్ని కన్సోల్ దగ్గరికి తీసుకెళ్ళి చూపిస్తారు. కెమెరాగానీ మైకుగానీ పనిచేయకపోతే ఆ రోజు చికిత్స ఆగాలి, ఆలస్యమైనా సరే. మామూలుగా రేడియేషన్ తగిలేటప్పుడు నొప్పి ఉండదు. మంట, షాక్ అనిపించిందని రోగి చెబితే, "అలా ఉండదులే" అని మీరు కూడా కొట్టిపారేయకండి. టెక్నాలజిస్టుకు, డాక్టరుకు వెంటనే చెప్పండి. టెక్సాస్‌లో మెషిన్ అబద్ధం చెప్పిన రోజు నిజం చెప్పింది రోగి ఒక్కరే.

నేను సాఫ్ట్‌వేర్ విద్యార్థిని. ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ఊరికి దగ్గర్లో ఉన్న క్యాన్సర్ ఆసుపత్రిలో అనుమతి తీసుకుని, ఒక ఉదయం మొత్తం కన్సోల్ గదిలో ఓ మూల కూర్చోండి. ల్యాప్‌టాప్ వద్దు, నోటుబుక్కు చాలు. రోగుల పేర్లు రాసుకోకండి. తెర మీద ఎన్నిసార్లు బాక్సు వచ్చింది, ఎన్నిసార్లు చదవకుండా నొక్కారు, ఏ సమాచారం కోసం కుర్చీ తిప్పి ఇంకో మానిటర్ వైపు చూశారు, ఏ అంకెను చేతి మీదో కాగితం ముక్క మీదో రాసుకున్నారు, ఇవే రాయండి. మానిటర్ అంచుకు అంటించిన చీటీలు ఉంటాయి, వాటిని కూడా ఎక్కించండి. తెర చెప్పనివన్నీ ఆ చీటీల మీదే ఉంటాయి.